అమావాస్య నాడు ధర్మవరంలో ఉద్యోగానికి

ధర్మవరం వెళ్ళొచ్చామని చెప్పగానే మా భీమవరంలో ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు, “ఎన్ని చీరలు కొన్నారు?” అని. ఒక్కటీ కొనలేదు. మా అమ్మాయికి ఉద్యోగం అడగడానికి వెళ్ళాం. ఈ మాట అనగానే ఇక రెండో ప్రశ్న రాదు, ముఖం మాత్రం జాలిగా పెడతారు. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మంట. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

మా శ్రావణికి ఇరవై రెండేళ్ళు. ఆటిజం ఉంది. ఇంటర్ పాసయింది. నచ్చిన పని చేతిలో ఉంటే తిండి కూడా గుర్తుండదు. అనుకున్నది అనుకున్నట్టు జరగకపోతే మాత్రం ఆ పూట ఇల్లు ఇల్లులా ఉండదు. ఒక సూపర్ మార్కెట్టు వాళ్ళు వారం తిరక్కుండానే పంపించేశారు. ఒక జిరాక్సు షాపాయన మర్యాదగా ‘కబురు చేస్తాను’ అన్నాడు, ఇప్పటికీ చేయలేదు. నేను రైస్ మిల్లులో గుమాస్తాని. మా ఆవిడ పద్మా నేనూ పైకి అనుకోకుండా మింగేసే మాట ఒకటుంది. మన తర్వాత ఈ పిల్ల సంగతేమిటి?

ధర్మవరంలో రాజేశ్వరమ్మ గారనే పట్టుచీరల వ్యాపారి ఇలాంటి పిల్లలకు పని ఇస్తున్నారని మిల్లుకు వచ్చే ఒక లారీ ఓనరు చెప్పాడు. ఫోన్ చేశాను. “అమావాస్య పోయినాక తీసుకొని రాండి. మూడు దినాలు చూసి చెప్తా,” అని ఆవిడ ఫోన్ పెట్టేశారు. పద్మకు మోకాలి ఆపరేషన్ అయి ఇంకా కర్రతోనే నడుస్తోంది. అందుకని తండ్రీ కూతుళ్ళమే బయల్దేరాం. బయల్దేరే ముందు పద్మ ఒక అట్టముక్క మీద వారాలు రాసి, సోమవారం గడిలో చీర బొమ్మ వేసి ఇచ్చింది. సోమవారం పని. శ్రావణి ఆ మాట రైల్లో ఎన్నిసార్లు అన్నదో చెప్పలేను.

కదిరి

ధర్మవరం దాకా టికెట్టు ఉన్నా కదిరిలోనే దిగిపోవలసి వచ్చింది. పక్క బెర్తులో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. శ్రావణి చెవులు మూసుకుంది, ముందుకీ వెనక్కీ ఊగింది, చివరికి తనూ అరవడం మొదలుపెట్టింది. బిడ్డ తల్లి నాకేసి కోపంగా చూసింది. ఆవిడ తప్పేముంది? నేనైనా అలాగే చూసేవాణ్ణి. సామాను పట్టుకుని దిగేశాను. బండి కదిలాక తను నెమ్మదించింది. ఇక బస్సులో పోదామని బస్టాండుకు చేరాం.

ఎదిగిన కూతురితో ఒక్కడే ప్రయాణం చేసే తండ్రికి అన్నిటికంటే పెద్ద గండం ఆడవాళ్ళ బాత్‌రూము తలుపు. లోపల గడియ బిగుసుకుంటే తను కంగారుపడుతుంది, నేను లోపలికి వెళ్ళలేను. ఆ తలుపు ముందు తచ్చాడుతుంటే చెనిక్కాయల (మా వేరుశనగే) మూట మీద కూర్చున్న ఒక పెద్దావిడ గట్టిగా కేకేసింది.

“ఏమప్పా, ఆడోళ్ళు పోయే కాడ నీకేమి పని?”

పిల్ల సంగతి చెప్పాను. ఆవిడ మూటకు నన్ను కాపలా పెట్టి లేచింది. చెయ్యి పట్టుకోబోతే శ్రావణి, “ముట్టుకోకండి,” అంది. నాకు చచ్చినంత పని అయింది. ఆవిడ మాత్రం, “ముట్టుకోనులే తల్లీ, నా ఎనక రా,” అని ముందు నడిచింది.

ఆవిడది నల్లమాడ దగ్గర పల్లె. ఎక్కడికి పోతున్నారని అడిగితే పాపకు ఉద్యోగం కోసమని చెప్పాను. మళ్ళీ ఆ జాలి ముఖం చూడాలి కాబోలనుకున్నాను. ఆవిడ తల ఊపింది, అంతే.

“మంచిదే పో. మా ఊర్లో ఉండాడు ఇట్లాంటోడు. గొర్లు కాస్తాడు. మనుషులతో మాట్లాడడు గానీ గొర్లతో బాగా మాట్లాడతాడు. పెండ్లి మాత్రం వద్దంటాండాడు. తెలివైనోడే!”

అని పకపకా నవ్వింది. అలాంటి పిల్లాడి గురించి మా వైపు ఎవరైనా నవ్వుతూ మాట్లాడగా నేను వినలేదు. ఆవిడ బస్సు వస్తే మూట నేనే ఎత్తి పెట్టాను.

అక్కడే ఉగ్గాని తిన్నాం. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపం. ఇక్కడ వాటిని బొరుగులంటారు, నీళ్ళలో తడిపి పిండేసి, ఉల్లిపాయలూ పుట్నాల పొడీ వేసి తాళించి, మిరపకాయ బజ్జీతో పొద్దున్నే తింటారు. ప్లేటు ముప్పై రూపాయలు. పెరుగన్నం వదిలి కొత్త తిండి ముట్టని పిల్ల, బజ్జీ పక్కకు తోసేసి, ప్లేటు ఖాళీ చేసి, ఇంకోటి కావాలంది. నా ప్లేటే తన ముందుకు జరిపాను.

ధర్మవరం దారి

మాది ఏ కిటికీలోంచి చూసినా కాలువ కనిపించే దేశం. ఇక్కడ వంతెనలున్నాయి, కింద ఇసుక ఉంది. చెరువు అని బోర్డుంది, అందులో మేకలు మేస్తున్నాయి. గుట్టల నిండా బండరాళ్ళు, వాటి మధ్య చెనిక్కాయ చేలు వాన కోసం చూస్తూ పాలిపోయి ఉన్నాయి. “నీళ్ళేవి?” అని శ్రావణి అడిగింది. వానలు లేవని చెప్పాను. “మరి వీళ్ళు ఎందుకు ఉన్నారు?” అంది. బస్సులో అందరికీ వినబడేలా అడుగుతుంది తను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, “ఉండకుండా యాడికి పోతామమ్మా?” అన్నాడు, నొచ్చుకోకుండానే. నేనే ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. రోజుకు ఎన్నిసార్లు క్షమాపణ చెబుతానో నాకే తెలియదు, నోటికి అలవాటైపోయింది.

ధర్మవరంలో దిగేసరికి ఆదివారం సాయంత్రం. లాడ్జిలో సామాను పడేసి, రాజేశ్వరమ్మ గారి కొట్టు ఎక్కడుందో శ్రావణికి ముందే చూపించాను. తెలియని చోటికి ఒక్కసారిగా తీసుకెళితే బెదురుతుంది. వీధి వీధంతా ఇళ్ళలోంచి మగ్గాల చప్పుడు. ఆ చప్పుడుకు చెవులు మూసుకుంటుందేమోనని బిక్కుబిక్కుమంటూ తన చేతులకేసే చూస్తున్నాను. మూసుకోలేదు. ఒక గడప ముందు ఆగి, ఆ చప్పుడుకు సరిగ్గా తల ఊపుతూ నిలబడింది. నాకు కాస్త ఆశ పుట్టింది. “రేపు సోమవారం. పని ఇక్కడే,” అని ఇద్దరం చెప్పుకుని వెనక్కి వచ్చాం.

అమావాస్య

తెల్లారి తను నాకంటే ముందే లేచి స్నానం చేసి, కొత్త చుడీదార్ వేసుకుని, సంచీ తగిలించుకుంది. వీధిలోకి రాగానే ఏదో తేడాగా అనిపించింది. ఒక్క మగ్గం చప్పుడూ లేదు. రాజేశ్వరమ్మ గారి కొట్టు షట్టరు మూసి ఉంది. పక్కన ముగ్గు వేస్తున్న అమ్మాయిని అడిగాను.

“ఈ పొద్దు అమావాస్య గదన్నా. మగ్గం ఆడదు. ఊరంతా సెలవే.”

మా ఇంటి క్యాలెండరులో అమావాస్య ఆదివారం వచ్చి సోమవారం దాకా ఉంది. నేను ఆదివారంతో సరిపెట్టేశాను. మా వైపు అమావాస్య అంటే కొత్త పని మొదలుపెట్టరు, అంతకుమించి ఏమీ లేదు. ఎన్ని అమావాస్యలు వచ్చినా మిల్లు ఆగదు. ఊరు ఊరంతా పని ఆపేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

శ్రావణి షట్టరు ముందు మెట్టు మీద కూలబడింది. “సోమవారం పని. సోమవారం పని,” అంటూ నుదురు మీద అరచేత్తో కొట్టుకోవడం మొదలుపెట్టింది. మాట కేకయింది. ఇళ్ళలోంచి జనం వచ్చి చుట్టూ మూగారు. కొట్టుకుంటున్న చెయ్యి ఆపబోతే నన్నూ కొట్టింది. నాకు ఆ క్షణాన తన నుదురు కంటే కొట్టు పైన రాజేశ్వరమ్మ గారి ఇంటి కిటికీ ఎక్కువ భయం కలిగించింది. ఆవిడ చూస్తే ఇక అయిపోయినట్టే. లాడ్జికి ఎలా లాక్కుపోవాలా అని చూస్తున్నాను.

ఆవిడ చూడనే చూశారు. చేతిలో పసుపు గిన్నెతో కిందికి వచ్చారు. అరవై ఏళ్ళుంటాయి, సన్నగా, కంచు గొంతు.

“ఏమప్పా, ఈడేమన్నా నాటకమాడతాండారా? పోండి మీ ఇండ్లకు!”

జనం కదిలారు. నేను గబగబా అందుకున్నాను. “క్షమించండమ్మా, మా అమ్మాయి ఎప్పుడూ ఇలా చెయ్యదండీ.”

“అబద్ధం చెప్పొద్దన్నా. ఎప్పుడూ చెయ్యకపోతే నాకాడికి ఎందుకు తెస్తారు?” అని, ఇంట్లోకి తిరిగి, “సునీతా!” అని పిలిచారు.

సునీతకు ముప్పై ఏళ్ళ లోపే. రాజేశ్వరమ్మ గారికి చీరలు నేసే ఒకాయన కూతురు. శ్రావణి లాంటి పిల్లల్లో ఆవిడ దగ్గర మొదట చేరింది తనే. ఇప్పుడు వెనక షెడ్డులో పనిచేసేవాళ్ళకు పెద్ద. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు చూసింది మాత్రం, ఎవరి ముఖమూ చూడకుండా వచ్చి, శ్రావణికి కాస్త ఎడంగా అదే మెట్టు మీద కూర్చున్న మనిషిని. ఊరుకోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు, తాకలేదు. తనూ వీధికేసి చూస్తూ కూర్చుంది. ఎంతసేపో. ఇంత ఊరుకుంటే ఎలా, ఏదో ఒకటి చెయ్యమని నాకు అరవాలనిపించింది. శ్రావణి కేక మళ్ళీ మాటయింది, మాట గొణుగుడయింది. అప్పుడు సునీత అంది.

“ఈ పొద్దు నెయ్యరు. మగ్గాలు తుడవాల. పసుపు కుంకం పెట్టాల. అది గూడా పనే.”

“సోమవారం పనా?”

“పనే.”

రాజేశ్వరమ్మ గారి ముఖం మారడం నేను చూశాను. మగ్గానికి పూజ ఇంటి ఆడవాళ్ళే చేస్తారు, ఆవిడ అత్తగారి కాలం నుంచీ బయటివాళ్ళు ముట్టింది లేదట. ఆవిడ ఏదో అనబోయారు. అనకుండా పసుపు గిన్నె సునీత చేతికిచ్చారు. సునీతా శ్రావణీ లోపలికి వెళ్ళిపోయారు.

“ఆ పాపను పెద్దగా పెట్టింది నేనే గదా,” అన్నారు నాతో. “పెద్దగా పెట్టినాక మాట కాదంటే ఇంగ పెద్దరికం యాడుంటాది?”

షెడ్డు

మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచారు. ఒక పక్క మగ్గాలు, బొట్లు పెట్టించుకుని ఊరికే ఉన్నాయి. ఇంకో పక్క పిల్లలు చీర కొంగులకు కుచ్చులు కట్టే బల్లలు. రెండు బల్లలు గోడకేసి, ఒకటి కిటికీ పక్కన, ఒకటి పరదా వెనక. ఎవరికి ఎలా కావాలంటే అలా. కుర్చీలకు పట్టు పోగులు కట్టుకునే వాడుక ఉంది. పచ్చపోగు కడితే వచ్చి మాట్లాడవచ్చు. ఎర్రపోగు కడితే రాజేశ్వరమ్మ గారైనా సరే మళ్ళీ రావలసిందే. ఇది సునీత పెట్టిన పద్ధతట. మా మిల్లులో ఇలాంటిది ఉంటే నేను జీవితాంతం ఎర్రపోగే కట్టుకునేవాణ్ణి.

“మొదట్లో అందర్నీ ఒకే బల్లకాడ కూర్చోబెట్టి, సార్ ఒకాయన్ను పెట్టినా. రోజూ కొట్లాటే,” అన్నారు ఆవిడ. “నాకు పట్టు తెలుసు గానీ వీళ్ళ సంగతి ఏం తెలుసు? సునీతకు తెలుసు. అందుకే ఆ పాపకే అప్పజెప్పినా. పుణ్యానికి చేస్తాండానని అనుకునేరు మీరు. పుణ్యం కావాలంటే గుడికి పోతా. ఇది యాపారం. కుచ్చులు బాగుంటే బేరం బాగుంటాది.”

తర్వాత శ్రావణి వైపు తిరిగారు. “నీ పేరేమి పాపా?”

“శ్రావణి అండీ,” అన్నాను.

“ఏమి తింటావు?”

“పెరుగన్నం ఎక్కువగా తింటుందండీ. నిన్న ఉగ్గాని కూడా...”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “అన్నా, పని మీకా, పాపకా? నాకు మీతోనే బాధ వచ్చేట్టుండాది. ఆ పాపతో లేదు.”

శ్రావణి నా మాటల కోసం చూస్తూ నిలబడి ఉంది. చెప్పొద్దూ, సిగ్గేసింది. కానీ రేపు తనకు ఆకలైతే ఎవరికి చెబుతుంది? ఆ దిగులు నన్ను వదల్లేదు.

పామిడి

మంగళవారం తనను షెడ్డులో దింపి ఎదురుగా టీకొట్టు దగ్గర నిలబడ్డాను. రెండో టీ తాగుతుండగా రాజేశ్వరమ్మ గారే వచ్చేశారు. “మీరు ఈడ నిలబడితే పాప కిటికీలోనించి మిమ్మల్నే చూస్తాంది. ఒక పని చేసిపెడతారా? పామిడిలో మా పిన్నమ్మ కొడుకు వెంకటేశు గుడ్డలంగడి పెట్టుకోనుండాడు. ఈ చీర ఆయన చేతికే ఇయ్యాల. అవసరం,” అని ఒక పొట్లం చేతిలో పెట్టారు.

కాదనలేక బయల్దేరాను. అనంతపురంలో బస్సు మారి పామిడి వెళ్ళేసరికి ఎండ మాడుతోంది. దారంతా ఫోన్ చేతిలోనే ఉంది. అది మోగితే ప్రమాదం, మోగకపోతే దిగులు. పద్మ ఫోన్ చేస్తే ధైర్యంగా మాట్లాడాను. తనూ ధైర్యంగానే మాట్లాడింది. ఇద్దరం ఒకరినొకరం నమ్మలేదు.

పామిడిలో పెన్న మీద వంతెన దాటుతుంటే మా వైపు అలవాటు కొద్దీ నదికి దణ్ణం పెట్టబోయాను. కింద ఇసుక, పిల్లల క్రికెట్టు. ఊరంతా గుడ్డల అంగళ్ళు, కుట్టుమిషన్లు. వెంకటేశు గారు పొట్లం చూసి, విప్పకుండానే పగలబడి నవ్వారు.

“మళ్ళీ వచ్చిందా ఈ చీర! పోయిన నెల కూడా వచ్చింది. మడకశిర నుంచి ఒకమ్మ తెచ్చి, మీ మాదిరే చెమటలు తుడుచుకుంటా నిలబడింది. మా అక్క తల్లిదండ్రులందర్నీ నాకాడికే తోలుతాది. వాళ్ళు పక్కన లేకుంటేనే పిల్లోళ్ళు ఏమి చేస్తారో తెలుస్తాది అంటాది. రాండి, ముందు అన్నం తినండి.”

కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. వాళ్ళింట్లో ఓళిగలు పెట్టారు. మన బొబ్బట్టే, కాకపోతే పల్చగా, పెద్దగా, నేతిలో మునిగి ఉంటుంది. తింటూ, మా అమ్మాయిని తీసుకుంటారంటారా అని అడిగాను. ఆయన నవ్వు ఆగింది.

“అబద్ధమెందుకు అన్నా, అందర్నీ తీసుకోదు. ఆ మడకశిర పిల్లను మూడోనాడు పంపించేసినారు. పాపం, ఆ పిల్లకు ఇష్టం లేదు, వాళ్ళమ్మకే ఇష్టం.”

ఆ తర్వాత ఓళిగ రుచి తెలియలేదు. ఇష్టమా కాదా అని శ్రావణిని నేనెప్పుడైనా అడిగానా? అట్టముక్క మీద చీర బొమ్మ వేసింది మేమే కదా. తిరుగు బస్సులో అదొక్కటే ఆలోచన.

బుధవారం

సాయంత్రం నలుగురం షెడ్డులో కూర్చున్నాం. ముందు సునీత ఒక చీర కొంగు తెచ్చి నా ముందు పరిచింది. కుచ్చులు సగం దాకా బాగున్నాయి. ఆ తర్వాత మొత్తం విప్పేసి ఉన్నాయి.

“ఒకటి వంకర వచ్చింది. అన్నీ ఇప్పేసింది,” అంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. రాజేశ్వరమ్మ గారు వెంటనే అన్నారు, “సరుకు లేటయితాది సునీతా.”

“అయితాది,” అంది సునీత. “నేను కూడా ఇప్పుతాంటి. ఆర్నెల్లు ఇప్పినా. నువ్వు ఊరికే ఉన్న్యావు.”

రాజేశ్వరమ్మ గారు ఆ కొంగు దగ్గరికి లాక్కుని చూశారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఇంగేమి చెప్తాం,” అన్నారు చిన్నగా. “పాపా, ఈడ పని చేస్తావా? పైన రూములో సునీతతో, ఇంకో ఇద్దరు ఆడపిల్లోళ్ళతో ఉండాల. జీతం నీ చేతికే ఇస్తా. నాయన ఊరికి పోతాడు. ఇష్టమా?”

శ్రావణి నాకేసి చూసింది. నోటిదాకా వచ్చిన మాటను పళ్ళ మధ్య బిగపట్టి నేల చూశాను. ఇష్టం లేదంటే ఇంటికి తీసుకెళ్ళాలి. ఇష్టమంటే వదిలి వెళ్ళాలి. ఏది వినాలని ఉందో నాకే తెలియలేదు. రెండూ భయమే.

“ఇష్టం,” అంది శ్రావణి. “అవి మళ్ళీ కట్టాలి.”

నేను ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, అందరి ముందే ఏడ్చాను. సునీత లేచి పరదా వెనక్కి వెళ్ళిపోయింది, తనకు ఏడుపు చప్పుడు పడదట.

బస్సు టైమవుతోంది. సంచీ సర్ది గుమ్మం దాకా వచ్చాను. శ్రావణి నా వెనకే వచ్చింది. నా ముఖంలోకి చూడదు తను, నా చొక్కా గుండీలకేసి చూస్తూ మాట్లాడుతుంది. ఇరవై రెండేళ్ళలో నాకేం కావాలో, నేనెలా ఉన్నానో తను ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్న తనకు తోచదని డాక్టర్లు చెబితే మేం ఎప్పుడో సర్దుకుపోయాం.

“నాన్నా,” అంది గుండీలకేసి చూస్తూ. “నువ్వు ఒక్కడివే ఇంటికి వెళ్ళగలవా?”

“వెళ్ళగలనమ్మా.”

నిజం చెబుతున్నానో లేదో చూస్తున్నట్టు కాసేపు నిలబడింది. “అయితే వెళ్ళు,” అని లోపలికి, తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.